రెండు గొట్టాల బండి

బహ్రెయిన్‌లో పాత బండికి ఏ జబ్బు చేసినా సల్మాబాద్ తీసుకుపోవాల్సిందే. వరసగా షట్టర్లు, ప్రతి షట్టర్ వెనకా ఒక గరాజ్, ప్రతి గరాజ్‌లో ఏదో ఒక పనికి పేరుపడ్డ మనిషి. ఒకడు గేర్‌బాక్స్ మోత విని లోపల ఏ పన్ను అరిగిందో చెప్తాడు. ఇంకొకడు రేడియేటర్ మూత తీసి వాసన చూసి ఇంజన్ సంగతి చెప్తాడు. నేను బిల్లులూ స్పేర్ పార్టులూ చూసిన గరాజ్‌లో సైలెన్సర్ పనికి అలాంటి మనిషి ఉండేవాడు. మెట్‌పల్లి దగ్గర పల్లె ఆయనది. పనికుర్రాళ్ల నుంచి బండ్ల యజమానుల దాకా అందరికీ మేస్త్రీ. నాకు మాత్రం అన్న. ఆయన పనితనం ఎంతటిదో చెప్పడానికి ఒక్క బండి చాలు.

ఎండ మెత్తబడగానే బహ్రెయినీలు సఖీర్ ఎడారిలో గుడారాలు వేస్తారు. చలికాలమంతా కుటుంబాలకు కుటుంబాలు అక్కడే ఉంటాయి. 1932లో గల్ఫ్‌కు ఈ పక్కన మొట్టమొదటి చమురు బావి పడిన జబల్ దుఖాన్ కొండ అటువైపే. 2004 నుంచి కార్ల రేసులు జరుగుతున్న సర్క్యూట్ కూడా అక్కడే. గుడారాల కాలం మొదలైందంటే మాకు పాత పికప్‌లు బారులు తీరేవి. సామాను మోయాలి, ఇసుకలో నడవాలి, గీత పడినా బాధ ఉండకూడదు. అందుకని ఏడాదంతా గోడ వారన పడున్న బండికి అప్పుడే ప్రాణం పోయించుకుంటారు.

అలా వచ్చిందే ఆ 1995 మోడల్ జీఎంసీ సియెర్రా. తెచ్చినాయన రిఫైనరీలో పనిచేసి రిటైరైన పెద్దమనిషి. పక్కన కొడుకు. వెనక సీటులో ఇద్దరు మనవలు.

"పిల్లలు సఖీర్ వెళ్లేలోపే తలనొప్పి అంటున్నారు. తిరిగొచ్చేటప్పుడు సోలిపోతున్నారు. ఎండదెబ్బ తగలడానికి ఇది వేసవి కాదు గదా, ఉస్తాద్" అన్నాడు ఆయన హిందీలో. ఆ తరం బహ్రెయినీల్లో చాలామందికి హిందీ వస్తుంది. ముత్యాల వ్యాపారం నాటి నుంచీ బొంబాయితో రాకపోకలున్నవాళ్లు.

మేస్త్రీ బండిని చూడలేదు. ముందు పిల్లల్ని చూశాడు. "ఏ సీటుల కూసుంటరు? అద్దం తీసుకుంటరా?" అని అడిగాడు. వెనక సీటులోనే, వెనక అద్దం జరుపుకుని కూర్చుంటారని తేలింది. అప్పుడు అట్ట పరుచుకుని బండి కిందికి దూరాడు.

ఆ బండిది 5.7 లీటర్ల ఇంజన్. ఎనిమిది సిలిండర్లు, నాలుగు ఇటు, నాలుగు అటు. కంపెనీ నుంచి వచ్చినప్పుడు రెండు వైపుల పొగా ఒకే గొట్టంలో కలిసి, కుడివైపు వెనక చక్రం దాటాక బయటపడేది. ఎవరో ఎప్పుడో దాన్ని తీసేసి ఏ వైపు పొగకు ఆ వైపే గొట్టం పెట్టారు. డబుల్ సైలెన్సర్. దానితో బండికొచ్చే గుడగుడ శబ్దానికి కుర్రకారు ప్రాణం పెడతారు. ఆ శబ్దానికి లెక్క ఉంది. ఈ ఇంజన్‌లో నిప్పు పడే వరస 1-8-4-3-6-5-7-2. బేసి అంకెలు ఎడమవైపువి, సరి అంకెలు కుడివైపువి. 8 తర్వాత 4, రెండూ కుడివే. 5 తర్వాత 7, రెండూ ఎడమవే. అందుకే ఏ గొట్టంలో చూసినా దరువు సమంగా పడదు, ఓసారి జంటగా, ఓసారి ఒంటిగా పడుతుంది. మేస్త్రీ కళ్లు మూసుకుని విని ఏ సిలిండర్ మందగించిందో చెప్పడం నేను చూశాను.

కింద నుంచి ఆయన స్క్రూడ్రైవర్‌తో ఒక పోటు పొడిచాడు. టంగుమనలేదు. కసుక్కుమని లోపలికి దిగింది. చిల్లులోంచి తుప్పు పెచ్చులు రాలి ఆయన మొహం మీద పడ్డాయి. రెండు గొట్టాల చివరా తడిగుడ్డలు అడ్డం పెట్టి ఇంజన్ ఆన్ చేయమన్నాడు. దారి మూసుకోగానే యాక్సిల్ మీది వంపుల దగ్గర, రెండు వైపులా, బుస్సుమని పొగ తన్నింది.

"ఇయ్యి గొట్టాలు గావు బాబా, జల్లెడ" అన్నాడు లేచి.

"నేను దీన్ని నెలకు నాలుగుసార్లు కూడా తియ్యను. తిప్పకుండానే ఎలా తుప్పు పట్టింది?" అని ముసలాయన ఆశ్చర్యపోయాడు.

తిప్పకపోవడం వల్లే పట్టింది. లీటరు పెట్రోలు కాలితే పొగతోపాటు దాదాపు లీటరు నీళ్లు పుడతాయి. బండి దూరం పోతే గొట్టం సెగకు అవి ఆవిరై పోతాయి. దుకాణం దాకా పోయి వచ్చి ఆపేస్తే లోపలే నిలిచి, పొగలోని గంధకంతో కలిసి గొట్టాన్ని లోపల్నుంచి తింటాయి. రెండు గొట్టాల బండికి ఈ బెడద ఇంకా ఎక్కువ. ఉన్న సెగ రెండు పాయలవుతుంది గనుక ఏదీ త్వరగా ఆరదు. బయట నుంచి తినడానికి ఎలాగూ చుట్టూ సముద్రం ఉంది, ఉప్పుగాలి ఉంది.

కొడుకు కలగజేసుకున్నాడు. "పోయిన ముక్కలు కోసేయండి. క్యాబిన్ వెనకే, తొట్టి కిందే తెగ్గొట్టి వదిలేయండి. ఖర్చు తగ్గుతుంది, శబ్దం కూడా బాగుంటుంది" అన్నాడు. సర్క్యూట్‌లో రేసు బండ్ల హోరు వింటూ పెరిగిన పిల్లాడు. అడగడంలో తప్పు లేదు. చాలా గరాజ్‌లు అలాగే కోసి పంపిస్తాయి కూడా.

మేస్త్రీ ఒప్పుకోలేదు. వాదించనూ లేదు. నా బల్ల మీద దేవుడి పటం దగ్గరున్న ఊదుబత్తుల్లో ఒకటి తీసి వెలిగించాడు. కొడుకును ముందు సీటులో కూర్చోబెట్టి, తాను పిల్లల సీటులో కూర్చుని, పక్క అద్దం కాస్త దించి, వెనక అద్దం జరిపి, ఊదుబత్తిని బయటికి పట్టుకున్నాడు. "మెల్లగ పోనియ్యి బాబా" అన్నాడు. నన్నూ ఎక్కమన్నాడు.

బండి ముందుకు పోతుంటే పొగ వెనక్కి పోవాలి గదా. కదిలిన కాసేపటికే ఊదుబత్తి పొగ తీగ వణికి, వంగి, తిన్నగా కిటికీలోంచి మా మొహాల మీదికే వచ్చింది. బండి గాలిని చీల్చుకుని పోయేటప్పుడు క్యాబిన్ వీపు దగ్గర గాలి పలచబడుతుంది. ఆ వెలితిని నింపడానికి కింద నుంచీ వెనక నుంచీ గాలి ఎదురొస్తుంది, దానితోపాటు పొగ కూడా. పక్క అద్దాలు దింపితే లోపలి గాలి బయటికి లాగేసుకుని ఇంకా ఎక్కువ వస్తుంది.

"ఇది ఊదుబత్తి. వాసన తెలుస్తది, కండ్లకు కనవడ్తది" అన్నాడు మేస్త్రీ. "ఇంజన్ల నుంచి వచ్చేదాంట్ల ఒక గ్యాసు ఉంటది. దానికి రంగు లేదు, వాసన లేదు. నెత్తుర్ల గాలి ఉండే జాగల పోయి అది కూసుంటది, లేవది. పిల్లలు నిద్ర పోతలేరు బాబా, సోయి తప్పుతున్నరు."

ఆయన చెప్పింది కార్బన్ మోనాక్సైడ్ గురించి. ప్రాణవాయువు కంటే రెండొందల రెట్లకు పైగా గట్టిగా రక్తాన్ని పట్టుకుంటుందది. మేస్త్రీ ఏడో తరగతి దాటలేదు. ఆ గ్యాసు పేరు కూడా ఆయనకు సరిగా పలకదు. కానీ దాని నడక తెలుసు. పక్కన కొడుకు ఇక శబ్దం మాట ఎత్తలేదు.

గరాజ్‌కు తిరిగొచ్చాక ముసలాయన బేరానికి దిగాడు. "ఆరొందల రూపాయలా?" అని గుండె పట్టుకున్నాడు. అంటే అరవై దీనార్లు. 1965లో దీనారు వచ్చేదాకా ఈ దేశంలో చెల్లింది మన రిజర్వు బ్యాంకు అచ్చువేసిన రూపాయలే. పది రూపాయలకు దీనారు చొప్పున మార్చారు. ఆ తరంవాళ్లు ఇప్పటికీ వంద ఫిల్సును రూపాయి అనే లెక్కపెడతారు. కాస్త తగ్గించి నేను బిల్లు రాశాను.

మర్నాడు పని మొదలైంది. చూడ్డానికి రెండు గొట్టాలు వంచి తగిలించడమే. అందులో ఎన్ని చిక్కులో దగ్గరుండి చూస్తే గానీ తెలియదు.

మొదటి చిక్కు కొలత. బండిని లిఫ్ట్ మీద పైకెత్తితే యాక్సిల్ బరువుకు కిందికి వేలాడుతుంది. దాని పైన బోలెడు జాగా కనిపిస్తుంది. ఆ జాగా చూసి గొట్టం వంచినవాడి పని, బండి నేల మీద దిగి ఇసుకలో మొదటి గుంత ఎక్కగానే బయటపడుతుంది. యాక్సిల్ ఎగిరి గొట్టానికి కొట్టుకుంటుంది. అందుకని మేస్త్రీ బండిని చక్రాల మీద నిలబెట్టి, గరాజ్‌లో ఉన్న కుర్రాళ్లందరినీ తొట్టిలో ఎక్కించి, అది కుంగినంత కుంగాక యాక్సిల్‌కూ ఫ్రేమ్‌కూ మధ్య తన నాలుగు వేళ్లు దూర్చి చూసుకున్నాడు. ఆ కొలతతోనే ఇనుప చువ్వ వంచి నమూనా చేసుకున్నాడు. గొట్టాన్ని ఆ చువ్వ ప్రకారం వంచాడు. వంచినచోట నొక్కుకుపోయిన మొదటి ముక్కను పక్కన పడేశాడు. వంపులో సన్నబడితే పొగ వెనక్కి తన్నుతుందని.

రెండో చిక్కు ఎడమవైపుది. ఈ బండికి పెట్రోలు ట్యాంకు ఎడమవైపే, ఫ్రేమ్‌ను ఆనుకుని ఉంటుంది. కంపెనీవాళ్లు గొట్టాన్ని కుడివైపు పెట్టింది అందుకే. డబుల్ సైలెన్సర్ పెట్టిన మొదటివాడు ఎడమ గొట్టాన్ని ట్యాంకుకు తగిలీ తగలనట్టు పోనిచ్చాడు. మేస్త్రీ దాన్ని వీలైనంత దూరం జరిపి, మధ్యలో రెండు పొరల రేకు కవచం బిగించాడు. వెల్డింగ్ అంతా గొట్టాలను కిందికి దించి, బయట బల్ల మీద పెట్టి చేశాడు. ట్యాంకు పక్కన ఒక్క నిప్పురవ్వ కూడా లేవనివ్వలేదు.

మూడోది వేలాడదీయడం. కొత్తవాళ్లు గొట్టం కదలకుండా గట్టిగా బిగించేస్తారు. మూడు మీటర్ల ఉక్కు గొట్టం మూడొందల డిగ్రీలు వేడెక్కితే సెంటీమీటరు పైన పొడుగు సాగుతుంది. సాగడానికి చోటు లేకపోతే అతుకుల దగ్గర చీలుతుంది. అందుకని ప్రతి కొక్కేనికీ రబ్బరు వేసి, చేత్తో ఊపి, అటూ ఇటూ ఆడేలా వదిలాడు. రెండు గొట్టాల మధ్య అడ్డంగా ఒక చిన్న గొట్టం కలిపాడు. రెండు వైపుల దరువూ అందులో సర్దుకుని గుడగుడ మెత్తబడింది. చివరలను తొట్టి దాటించి, బంపరు దాటించి, కాస్త పక్కకు తిప్పి వదిలాడు.

మధ్యాహ్నం ఖుబూస్, పప్పు తింటూ కూర్చున్నాం. "మా అవ్వ కట్టెల పొయ్యి మీద జొన్నరొట్టె కాలుస్తది సూడు తమ్మీ. గీ ఖుబూస్ దాని ముంగట ఏం పనికొస్తది" అన్నాడు మేస్త్రీ. అవ్వ అంటే వాళ్లమ్మ. తండ్రి చిన్నప్పుడే పోతే, బీడీలు చుట్టి ఇద్దరు పిల్లల్ని పెంచిన మనిషి. ఆ మాట మీద మాట వచ్చి, ఫోన్ తీసి ఇల్లు చూపించాడు. ఎప్పుడు చూపించినా కొత్తగా చూపించినట్టే చూపిస్తాడు. గూనపెంకుల ఇల్లు పడగొట్టి, గల్ఫ్ సంపాదనంతా పోసి కట్టించిన స్లాబు ఇల్లు. గచ్చు మీద టైల్స్, గేటుకు ఇత్తడి సింహం బొమ్మలు.

"పాత ఇంట్ల వానొస్తే గిన్నెలు పెట్టుడే మా పని. మీద పెంకుల సందుల నుంచి చుక్కలు చుక్కలు కారేది. పాములు దూరేటియి, తేళ్లు దూరేటియి. ఇప్పుడు సూడు, వెంట్రుక దూరే సందు లేదు" అన్నాడు. "కోతులు వంటింట్ల జొర్రి బియ్యం, ఉల్లిగడ్డలు ఎత్కపోతున్నయంటే, పోయిన సాలు దాని కిటికీకి గూడ ఇటుక పెట్టిచ్చిన. మా అవ్వ ఇగ రంది లేకుంట ఉంటది."

ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహం చూడాలి. పదిమంది పడుకునే క్యాంపు గదిలో మంచం మీద మంచం వేసుకుని బతికే మనిషికి, తల్లి తన ఇంట్లో తడవకుండా పడుకుంటోందన్న తృప్తి కంటే పెద్ద జీతం లేదు. గల్ఫ్‌కు వచ్చిన మావాళ్లలో ఎవరిని కదిపినా ముందు చెప్పేది ఇంటి సంగతే. పెళ్లిళ్లు, అప్పులు, పొలాలు అన్నీ తర్వాత. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది ఆ పనితనం చూసి ఎంతో, ఈ మాట విని అంత.

సాయంత్రానికి బండి సిద్ధమైంది. మేస్త్రీ మళ్లీ ఊదుబత్తి వెలిగించలేదు. పెద్దాయన మనవణ్ని పిలిచి వెనక సీటులో కూర్చోబెట్టి, వెనక అద్దం తీయించి, తాను పక్కన కూర్చుని సల్మాబాద్ చుట్టూ ఒక పెద్ద చుట్టు తిరిగొచ్చాడు. దిగాక పిల్లాడి కళ్లలోకి చూసి, నెత్తి నిమిరి పంపాడు. "గొట్టాలు మంచిగనే ఉన్నయి గాని, ఎన్క అద్దం మూసే పోండి బాబా" అని మరీ మరీ చెప్పాడు. ఎంత మంచి గొట్టమైనా బండి వీపున గాలి ఎదురొచ్చే పద్ధతి మారదు గదా.

పోయేముందు కొడుకు దగ్గరికొచ్చి అడిగాడు. "నువ్వు అంత ఖచ్చితంగా ఎలా చెప్పగలిగావు ఉస్తాద్? బండి కిందికి దూరకముందే పిల్లల సంగతి అడిగావు?"

"పొగ పుట్టుడు తప్పది. ఇంజన్ ఉన్నకాడ పొగ ఉంటది. దానికి తొవ్వ సూపియ్యాలె. సూపియ్యకపోతే మనిషి ఉన్నకాడికే వస్తది" అన్నాడు మేస్త్రీ.

కొంతకాలానికి ముసలాయన మళ్లీ వచ్చాడు, చేతిలో బహ్రెయినీ హల్వా డబ్బాతో. పిల్లలకు తలనొప్పి పోయింది. సఖీర్ వెళ్లేదాకా వెనక సీటులో పాటలేనట. కొడుకు స్నేహితులు నలుగురు తమ బండ్లూ పంపిస్తామన్నారట. బండి ఏటేటా జరిగే తనిఖీలో కూడా ఒక్క ప్రశ్న లేకుండా పాసైందట. మేస్త్రీ భుజం పట్టుకుని, "నా మనవలను నిలబెట్టావు. నిన్ను కన్న తల్లి కడుపు చల్లగా ఉండాలి" అన్నాడు.

హల్వా అందరికీ పంచుతుండగానే మేస్త్రీ ఫోన్ మోగింది. ఊరి నుంచి చెల్లెలు. మేస్త్రీ చేతుల నిండా గ్రీజు. నన్ను ఎత్తమని, స్పీకర్ పెట్టమని సైగ చేశాడు.

"అన్నా, అవ్వను కరీంనగర్ దవాఖానకు తీస్కచ్చినం. రాత్రి దమ్ము ఆడలే. ఊపిరి గొట్టాలు సన్నబడ్డయంటున్నరు. ఇయ్యాల్టివి గావట, ఏండ్ల సందివట."

మేస్త్రీ చేతిలో హల్వా ముక్క అలాగే ఉండిపోయింది. "డాక్టరు ఏమంటుండు?"

"రోజుకు ఎన్ని బీడీలు తాగుతదని అడుగుతుండు."

ఆయన మొహం ఎర్రబడింది. "చుట్టుడే గాని ఒక్కనాడు నోట్లె పెట్టలేదని చెప్పు! మా అవ్వకు పొగ ఎట్ల పట్టిందో సరింగ సూడుమను. డాక్టరుకు తెల్వదా పొగ ఏడికెళ్లి వస్తదో?"

అటువైపు ఫోన్ చేతులు మారింది. దగ్గు. మళ్లీ దగ్గు. తర్వాత తల్లి గొంతు.

"డాక్టరును ఏమనకు కొడుకా. పొయ్యి పొగనే. గ్యాసు బుడ్డి ఒడవకుండ కట్టెల మీదనే వండుకుంటున్న గదా. పాత ఇల్లున్నప్పుడు పెంకుల సందులకెళ్లి పోతుండె. నువ్వు కట్టిచ్చిన ఇంట్ల దానికి సందు లేదాయె."